పొడుగుముక్కు ప్లగ్గులు

మొగడికి తలంటి పోసే ఆడవాళ్ళు ఊరూరా ఉంటారు. ఎడ్ల కొమ్ములు చెక్కి రంగులేసే ఆడవాళ్ళూ ఉంటారు. లారీకి పళ్ళు తోమే ఆడది మాత్రం లక్సెట్టిపేట చుట్టుపక్కల ఒక్కతే, మోదుగుపల్లె శంకరవ్వ. ఈ మాట పుట్టింది ఆ ఊరి చేదబావి దగ్గర. కుండకు మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి నోటికి పెట్టలేం గదా, బావి దగ్గరి నుంచి కల్లు మండువకూ, అక్కడి నుంచి అంగడికీ పాకింది. శంకరవ్వ విని ఊరుకునే రకమా? "నా మొగని బండికి నేను తోముతున్న. నీ మొగనికి నువ్వు జర తోమరాదే, మాట్లాడితే మాడ పగులుతున్నది" అని ఒకామెను నలుగురిలో అడిగేసింది. అప్పటి నుంచి ఎదుట అనడం మానేశారు. వెనక అనడం మానలేదు.

సంగతేమంటే, ఆమె పెనిమిటి రాయమల్లు లారీ డ్రైవరు. నవాబు హాలీ రూపాయలు పోయి దేశమంతా చెల్లే కల్దారు రూపాయలు వస్తున్న కాలం అది. ఖానాపూర్ అవతల అడవిలో టేకు కొట్టించే గుత్తేదారు ఒకడుండేవాడు. లడాయి అయిపోయాక మిలిటరీవాళ్ళు అమ్మేసిన లారీ ఒకటి కొన్నాడు. మొద్దులు మోయడానికి ఆ లారీ, లారీని నడపడానికి రాయమల్లు. అది పెట్రోలు బండి. పెట్రోలు ఇంజను లోపల నిప్పురవ్వ పడితే గానీ కదలదు. ఆ రవ్వ కొట్టేవే ప్లగ్గులు. ఒక్కోటి బొటనవేలంత ఉంటుంది, కింద ఇనుప మరలు, పైన తెల్లటి పింగాణి. ఆ బండికి ఆరు.

రాయమల్లు ఇంటికి వచ్చాడంటే కాళ్ళు కడుక్కోకముందే ఆరింటినీ విప్పి తగరపు డబ్బాలో వేసి పెండ్లాం ముందర పెట్టేవాడు. ఆమె వాటిని గ్యాసునూనెలో, అదే కిరసనాయిల్లో, నానేసి, తుమ్మముల్లుతో సందుల్లోని మసి గీకి, పాతగుడ్డతో తుడిచి, పొయ్యి గట్టు మీద ఆరబెట్టేది. ఆ పని మీద ఆమెకేమీ మోజు లేదు. చేతులు ఎన్నిసార్లు కడిగినా అన్నం గ్యాసునూనె వాసన కొట్టేది. కానీ ప్లగ్గులు తేటగా కనబడితే గానీ ఆ మనిషి కంచం ముందు కూర్చోడు. ఎంత తొందరగా తోమితే అంత తొందరగా తింటాడు, అంతే లెక్క. పిల్లలు పుట్టారు గానీ నిలవలేదు. ఇంట్లో తోమడానికీ తుడవడానికీ అవే ఉన్నాయి.

"రొట్టె కాల్చెటప్పుడు ఏం చూస్తవ్?" అని అడిగాడొకనాడు, పొయ్యి ముందర చతికిలబడి.

"మొగోడు ఇంటికొచ్చిండా, కల్లు దుకాణంల కూసున్నడా అని చూస్త."

"తమాష కాదే. రంగు చూస్తవా లేదా?"

"చూస్త. అయితే?"

"గిది గూడ గంతే. కాలిన జొన్నరొట్టె రంగు ఉన్నదనుకో, ఇంజను పానం మంచిగున్నట్టు. మసి పట్టి నల్లగున్నదంటే ప్లగ్గు వేడెక్కుతలేదు. సున్నం లెక్క తెల్లగయి పొక్కులొచ్చిందంటే మాడుతున్నది."

ప్లగ్గులు రెండు రకాలు పెట్టుకునేవాడు. మరలున్న వైపు నుంచి నోట్లోకి చూస్తే లోపల పింగాణి ముక్కు కనబడుతుంది. ఒక రకానికి అది పొట్టి, ఇంకో రకానికి పొడుగు. పొట్టిముక్కు ఎక్కిన వేడిని తొందరగా వదిలేస్తుంది. నిండా మొద్దులేసుకుని గట్టు ఎక్కేటప్పుడు ఇంజను మండిపోతుంటుంది గనక అప్పుడు అదే ఉండాలి. పొడుగుముక్కు వేడిని పట్టుకుని కూర్చుంటుంది, తన మీద పడ్డ మసిని తానే కాల్చుకుంటుంది. ఉత్త బండి, మెల్లటి నడక, చలి పొద్దు అయితే అదే మేలు. ఒకదాని బదులు ఇంకోటి పెడితే బరువు బండికి ఇంజను లోపల చిల్లి పడుతుంది, ఉత్త బండి మసి మింగి దగ్గి దగ్గి నడిబాటలో కూలబడుతుంది. శంకరవ్వ ఇవన్నీ కావాలని నేర్చుకోలేదు. చెవులు మూసుకోలేదు గనక వచ్చాయి.

చలికాలం పొద్దున ఇంకో పని ఉండేది. మంచుకు ఇంజను అందుకోదు. ఆరు ప్లగ్గుల్నీ కుంపట్లో కాగబెట్టి, గోనెగుడ్డలో చుట్టి, వేడి తగ్గకముందే ఉరికి బిగించాలి. ఆమె పట్టకారుతో తీసి ఇచ్చేది, ఆయన బిగించేవాడు. వాకిట్లో ఆ ఉరుకులాట చూసి అత్త ఐలవ్వ, "పురుడు వోస్తున్నరా ఏంది గా బండికి?" అనేది.

రాయమల్లుకు లోకంలో ఒక్కటే భయం. ఊరి బయట చావడం. దానికో కారణం ఉంది. మోదుగుపల్లెలో కట్టుబాటు ఏమంటే, బయట ప్రాణం పోయినవాణ్ణి పొలిమేర దాటి లోపలికి తేకూడదు, తెస్తే ఊరికి కీడు. రాయమల్లు తండ్రి వేములవాడ రాజన్నకు కోడెను కట్టి, మొక్కు తీర్చుకుని తిరిగి వస్తూ దారిలో వాంతులు విరేచనాలు పట్టి పోయాడు. బండిలో తెచ్చిన పీనుగను పొలిమేర రాయి దగ్గరే ఆపేశారు. ఐలవ్వ ఇల్లు వదిలి అక్కడికే పోయి, దుమ్ములో కూర్చుని, మొగడి నెత్తి ఒళ్ళో పెట్టుకుంది. ఇంట్లో నోట్లో నీళ్ళు పోసిందీ లేదు, గడపలో నుంచి సాగనంపిందీ లేదు. అటు నుంచి అటే తీసుకుపోయారు. అప్పుడు రాయమల్లు తల్లి కొంగు పట్టుకుని నడిచే ఈడువాడు.

"సచ్చుడు ఎవ్వనికన్న తప్పదు. ఇంట్ల సావాలె. గడప లోపట" అనేవాడు అప్పుడప్పుడు, ఏమీ సందర్భం లేకుండానే.

"గంత భయమున్నోడివి మగ్గం పని నేర్వకపోయినవ్? మగ్గం గుంతల కాళ్ళువెట్టుకొని ఇంటికాడ్నే ఉందువు" అనేది శంకరవ్వ.

పుష్యమాసంలో కబురొచ్చింది. అడవిలో రాయమల్లుకు చలిజ్వరం తగిలింది, తగ్గడం లేదు. అత్తను ఇంటి దగ్గరే ఉంచి శంకరవ్వ ఖానాపూర్ దాకా బస్సులో పోయింది. అక్కడి నుంచి వెదురు మోసే ఎడ్లబండి ఎక్కి కూపు చేరింది. కూపంటే చెట్లు కొట్టే చోటు, నాలుగు ఆకుల గుడిసెలు, నడుమ నెగడు. రాయమల్లు నులక మంచం మీద గొంగట్లో ముడుచుకుని ఉన్నాడు. ఆమెను చూసి ఎందుకొచ్చావనలేదు, ఎట్లా వచ్చావనలేదు.

"బండి తీయించు" అన్నాడు. "ఇంటికి పోదాం."

అతని బదులు లారీ నడపడానికి గుత్తేదారు హనుమండ్లు అనే మనిషిని పంపి ఉన్నాడు. నిర్మల్ వైపు బస్సు తోలిన మనిషి, చెయ్యి మంచిదే, మనసూ మంచిదే. ఆ సాయంత్రం హనుమండ్లు హ్యాండిల్ వేసి తిప్పీ తిప్పీ చెమటలు కక్కాడు. లారీ రెండుసార్లు దగ్గి ఊరుకుంది. పొద్దున వెలుతురులో ప్లగ్గులు విప్పి చూద్దామన్నాడు. ఎడ్లబండి కట్టిద్దామంటే అది ఊరు చేరేసరికి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది.

కోడి కూయకముందే రాయమల్లు పోయాడు. పెద్ద గోలేమీ లేదు. ఊపిరి తీశాడు, వదిలాడు, మళ్ళీ తీయలేదు. శంకరవ్వ ఇంకోటి వస్తుందేమోనని కాసేపు చూసింది. తర్వాత గొంగడి సరిచేసింది. ఆమెకు ఏడుపు తోచలేదు. నెగట్లో కట్టె పక్కకు జారితే లోపలికి తోసింది.

తెలతెలవారుతుండగా హనుమండ్లు చాయ తెచ్చాడు.

"మనిషి పోయిండు హనుమండ్లూ" అన్నది, పాలు విరిగినాయి అన్నట్టుగా.

హనుమండ్లు చాయ గిన్నె కింద పెట్టి, తలకు చుట్టిన రుమాలు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నాడు. రుమాలులో నుంచే అన్నాడు: "ఇగ తొందర లేదు వదినే. బండి నడిచినప్పుడే నడుస్తది. ఎనుక పండవెట్టి తీస్కపోదాం. మీ పొలిమేర కాడ దించి..."

"పొలిమేర కాడ దించ."

"మరి?"

"ముందట కూసోవెడుదాం. నువ్వు తోలు. నడుమ ఆయన, తలుపు పక్కకు నేను."

"వదినే! పీనుగును..."

"పీనుగు అనకు. జ్వరమొచ్చిన మనిషి అను. ఇప్పటి సంది అంటే ఊరొచ్చేటాల్లకు నోటికి అలవాటైతది."

హనుమండ్లు ఆమె మొహంలోకి చూశాడు. పిచ్చి లేచిందేమోనని చూశాడు. ఆ మొహంలో ఏమీ లేదు, అలికిన గోడ మాదిరిగా ఉంది.

ఒళ్ళు బిర్రబిగియక ముందే కూర్చోబెట్టాలి గనక ఇద్దరూ కలిసి అతన్ని లేపి మంచం పట్టెకు ఆనించారు. దవడ జారకుండా ఆమె హనుమండ్లు చేతిలోని రుమాలు తీసుకుని తల మీది నుంచి చెవుల మీదుగా గదవ కిందికి కట్టింది. ఆ చలిలో అందరూ అట్లాగే కట్టుకుంటారు, బతికున్నవాళ్ళు కూడా. గొంగడి మెడ దాకా కప్పింది. కండ్లు మూసే ఉన్నాయి. ఆ తర్వాత తన మూటలో నుంచి కుంకుమ భరిణె తీసి, అద్దం లేకుండానే, తన నొసట బొట్టు దిద్దుకుంది. హనుమండ్లు అటు తిరిగి నిలబడ్డాడు.

ఇక బండి. అదే అసలు గండం. బండి కదలడమొక్కటే కాదు, దారిలో ఆగకూడదు. ఆగిందంటే నెట్టడానికి మనుషులు కావాలి. మనుషులు వచ్చారంటే లోపలికి తొంగి చూస్తారు. అన్నిచోట్లా ఎట్లాగో సముదాయించుకోవచ్చు. ఊరి మొగదల ఆగిందంటే మాత్రం రాయమల్లు తన తండ్రి పడుకున్న దుమ్ములోనే పడుకోవాలి.

హనుమండ్లు ప్లగ్గులు విప్పాడు. పొట్టిముక్కువి. మొద్దుల బరువుకని రాయమల్లు పెట్టినవి. ఆ మనిషి పడకేసిన తర్వాత బండిని కూపులోనే ఉత్తగా అటూ ఇటూ జరిపారు, మసి పట్టి తడితడిగా నల్లగా ఉన్నాయి. డబ్బాలో ఇంకా రెండు జతలున్నాయి. ఒకటి కాగితం కూడా విప్పని కొత్త జత, అవీ పొట్టిముక్కువే. ఇంకోటి పొడుగుముక్కు జత, పాతది, కొసలు అరిగి ఒకదానికి పింగాణి పెచ్చు లేచి ఉంది.

"కొత్తయి వేస్త" అన్నాడు హనుమండ్లు. "రవ్వ సక్కగ కొడుతయ్."

శంకరవ్వ కొత్త ప్లగ్గును తిరగేసి నోట్లోకి చూసింది. పాతదాన్నీ చూసింది. ఒక్క నిమిషం ఆమెకూ ఏమీ తెలియలేదు. కొత్తది కొత్తదే గదా. పాతవాటిని నమ్ముకుంటే ఆ పెచ్చు లేచింది నడిదారిలో కాటేస్తే? అడుగుదామంటే చెప్పేవాడు మంచం పట్టెకు ఒరిగి కూర్చున్నాడు.

"గివి ముక్కు పొట్టియి" అన్నది కడకు. "బరువుకు పనికొస్తయ్. మనది ఉత్త బండి, మెల్లగ పోయేది, మంచు. జరసేపట్ల మసి పడుతది."

"నేను బస్సుకు గిసొంటియే వేసిన వదినే. ఎన్నడు ఆగలే."

"బస్సంటే నిండ మంది. గీ బండ్ల ఉన్నది ముగ్గురం."

ముగ్గురం అన్న మాటకు హనుమండ్లు మంచం వైపొకసారి చూశాడు. తర్వాత అన్నాడు: "నీ ఇష్టం. ఆగితే నన్ననకు."

"నిన్నేంటికంట? ఆయన్ననే అంట. చెప్పింది ఆయన గదా."

పాతవాటిని గ్యాసునూనెలో ముంచి తుడిచింది. కొసల మధ్య సందు చూసుకుంది. రాయమల్లు ఆ సందును బొటనవేలి గోరుతో చూసేవాడు, గోరు అంటీ అంటకుండా దూరాలి. ఆమె తన గోరు పెట్టి చూసింది. తనది పల్చటి గోరు గనక ఇంకాస్త వదులు చేసింది. పెచ్చు లేచినదాన్ని ఆఖరుకు చూసి, మంచిదో కాదో తేల్చుకోలేక, అన్నిటితో పాటే కుంపట్లో వేసింది. కాగిన తర్వాత గోనెగుడ్డలో చుట్టి ఉరికింది. హనుమండ్లు ఒక్కోటీ బిగించి హ్యాండిల్ తిప్పాడు. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి బండి ఒళ్ళంతా విదిలించుకుని అందుకుంది. కూపు కూలీలు నలుగురు చేతులు అడ్డం పట్టి రాయమల్లును ఎక్కించారు. వాళ్ళకు తెలుసు. ఒక గోండు ముసలాయన లారీ తలుపును అరచేత్తో మెల్లగా తట్టాడు.

మంచు విడవలేదు. రాయమల్లు తల ఆమె భుజం మీద ఉంది. గుంతలో పడ్డప్పుడల్లా బరువుగా ఊగుతున్నది. ఆమె చెయ్యి అతని నడుం చుట్టూ వేసి పట్టుకుంది. పెండ్లయిన ఇన్నేండ్లలో పట్టపగలు అట్లా కూర్చున్నది లేదు. ఆమెకు ఆ సంగతి తోచింది, తోచి పోయింది.

"చలి వెడుతున్నదా అయ్యా?" అన్నది గట్టిగా. హనుమండ్లు ఉలిక్కిపడ్డాడు.

"ఎవ్వలతోని వదినే?"

"ఆయనతోని. ఊళ్ళె మాట్లాడాలె గదా. ఇప్పటి సంది నాలికె తిప్పుతున్న."

కొంతదూరం పోయాక హనుమండ్లుకు కండ్ల వెంబడి నీళ్ళు ఆగలేదు. అంగీ చెయ్యితో తుడుచుకుంటూ తోలుతున్నాడు. పోయినవాడు అతనికి నాలుగు పొద్దుల పరిచయం, అంతే.

"ఏడువకు. తొవ్వ కనవడది" అన్నది శంకరవ్వ.

"నీకు దుక్కం వస్తలేదా?"

"ఇల్లు చేరినంక చూసుకుంట. ఇప్పుడేడిస్తే బొట్టు కరుగుతది."

అడవి నాకా దగ్గర కర్ర అడ్డం ఉంది. కాపలాదారు యెషయా గుడిసెలో నుంచి వచ్చాడు. మెథడిస్టు సంఘం మనిషి, మెత్తనివాడు, రాయమల్లుతో ఎన్నోసార్లు బీడీలు పంచుకున్నవాడు. తాళంచెవి ఎక్కడో పెట్టి మరిచిపోయి జేబులన్నీ తడుముకుంటూ నిలబడ్డాడు. బండి నిలిచి ఉంది, ఇంజను నడుస్తున్నది. నిలిచిన బండికే మసి ఎక్కువ పడుతుంది. శంకరవ్వ చెవి ఇంజను మీదనే ఉంది. ఒకచోట చిన్న తడబాటు వినిపించింది, పెచ్చు లేచినదేనేమో. హనుమండ్లు కాలు కొంచెం నొక్కాడు. సర్దుకుంది.

"రాయమల్లన్నకు గింత బలంగ వచ్చిందా?" అన్నాడు యెషయా, హనుమండ్లు వైపు నుంచి లోపలికి చూసి.

"ఇప్పుడే కన్నంటింది. లేపకన్నా" అన్నది శంకరవ్వ.

"లేపలే తీ అక్కా. ఐతారం నాడు మా సంఘంల ప్రార్థన చేపిస్త. ఆగు, నా దగ్గర కోయినా గోలీలున్నయ్." లోపలికి పోయి కాగితం పొట్లం తెచ్చాడు. తాళంచెవి కూడా అక్కడే దొరికింది. "అన్నం తిన్నంక ఇయ్యి. ఉత్త కడుపుల ఇస్తే వాంతులైతయ్."

"ఇస్త అన్నా" అని ఆమె పొట్లం కొంగున ముడి వేసుకుంది.

జన్నారం దాటింది. దండేపల్లి దాటింది. ఎండ వచ్చింది. ఎండతో పాటు దారి మీద మనుషులు కూడా వచ్చారు. బండి ఎక్కడా ఆగలేదు. రాయమల్లు ఒళ్ళు ఆమె చెయ్యి కింద మెల్లమెల్లగా కట్టె అవుతున్నది. ఆమె దాన్ని ఒత్తి చూడలేదు. ఊరి పొలాలు మొదలైనప్పుడు ఎవరి చేనులో ఏముందో చూసింది. పర్శరాములు పటేలు కందిచేను కోతకు వచ్చింది. కోయలేదు ఇంకా, బద్ధకస్తుడు.

ఆ పర్శరాములే పొలిమేర రాయి మీద కూర్చుని ఎండ కాగుతున్నాడు. ఊరికి పెద్దమనిషి, కట్టుబాట్లన్నీ అతని నోట్లోనే ఉంటాయి. రాయికి ఇవతల గొర్ల మంద బాటంతా నిండి ఉంది. హనుమండ్లు బండిని నిలపక తప్పలేదు. ఇంజను మాత్రం బందు చేయలేదు.

"ఏమే శంకరవ్వా!" అని పటేలు లేచి వచ్చాడు. "మీ ఆయన బండిని మందికిచ్చి నడుమ కూసున్నడేంది? గుత్తేదారుగ్గిట్ల అల్లుడయ్యిండా?"

"జ్వరం పటేలా. జర గా గొర్లను తొలిగియ్యుమను."

"ఓ రాయమల్లూ!" అని పిలిచాడు పటేలు. కాసేపు చూశాడు. "పలుకడేంది?"

"పలికెటట్టుంటే నేను పోయి తోలుకొస్తనా? మొన్న ఎండకాలం నీకు పక్కల నొప్పి లేసినప్పుడు నువ్వు పలికినవా? మీ ఇంటామె ఒర్రుడు నాలుగూర్లకు ఇనవడ్డది గాని నీ నోట్లెకెల్లి మాట రాకపాయె."

గొర్ల కాపరి నవ్వు ఆపుకోలేక చేతికర్ర వెనక్కి మొహం తిప్పుకున్నాడు. పటేలు నవ్వలేదు. ఇంకో అడుగు వేసి లారీ మెట్టు మీద కాలు పెట్టాడు. తలుపు రెక్క మీద చెయ్యి వేశాడు.

"రుమాలు గంత బిగ్గ కట్టినవేందే?"

"చెవులల్ల గాలి దూరుతున్నదన్నడు, కట్టిన. విప్పమంటవా? విప్పుత. రాతిరి సన్నిపాతం లేస్తే మీ ఇంటికి పంపుత, నువ్వు పట్టుకో."

అప్పుడే ఇంజను కూలబడబోయింది. ఒక దగ్గు, ఇంకో దగ్గు, బండి ఒళ్ళంతా వణికింది. శంకరవ్వ పటేలు మొహం మీది నుంచి చూపు తిప్పలేదు. లోపల మాత్రం ఒక్కటే అనుకున్నది: కాల్చుకో. నీ మసి నువ్వు కాల్చుకో. హనుమండ్లు మెల్లగా కాలు నొక్కాడు. రెండు దెబ్బలు తప్పినాయి. మూడోది పడ్డది. ఆరూ అందుకున్నాయి. వెనక నుంచి నల్లటి పొగ ఒక్కసారిగా ఎగిసి గాలికి ముందుకు తిరిగి పటేలు మొహాన కొట్టింది. గొర్లు బెదిరి చేలల్లోకి ఉరికాయి.

"పటేలా, నీ కందిచేనుల పడ్డయ్!" అని అరిచాడు కాపరి.

పటేలు దగ్గుతూ మెట్టు దిగి కందిచేను వైపు తిట్టుకుంటూ పరుగెత్తాడు. బాట ఖాళీ అయింది. లారీ పొలిమేర రాయి దాటింది.

"దాటినం అయ్యా" అన్నది శంకరవ్వ. ఆ మాట ఎవరూ వినడానికి అన్నది కాదు.

ఇంటి ముందర లారీ చప్పుడుకు వాడకట్టు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళను తోసుకుంటూ ఐలవ్వ వచ్చింది. మెట్టు ఎక్కలేని ముసలిది, కింది నుంచే చెయ్యి చాపి గొంగడి కింద కొడుకు కాలు పట్టుకుంది. పట్టుకుని అట్లాగే నిలబడింది. శంకరవ్వ అత్త మొహంలోకి చూసింది. అత్త కోడలి మొహంలోకి చూసింది. ఐలవ్వ కొడుకు కాలు వదలలేదు.

"ఎవ్వలు దగ్గరికి రాకుండ్రి!" అన్నది ఐలవ్వ, వెనక్కి తిరిగి, గొంతు పగిలేట్టు. "అంటుజ్వరమట. పండవెడ్తే దగ్గొస్తది నా కొడుక్కు. కూసున్నోన్ని కూసున్నట్టే లోపటికి తెండ్రి."

హనుమండ్లు ఒక పక్క, శంకరవ్వ ఒక పక్క పట్టారు. బిగిసిన మోకాళ్ళు చాచుకోలేదు, కుర్చీలో ఉన్నవాడి మాదిరిగానే మోసుకొచ్చి గడప దాటించారు. గడప లోపల గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఐలవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చింది. కొడుకు పెదవుల మీద పోసింది. నీళ్ళు మూతి పక్క నుంచి కారి రుమాలు తడిసింది. మళ్ళీ పోసింది. మళ్ళీ కారాయి.

"ఇంటికచ్చినవ్ కొడుకా" అన్నది చిన్నగా. "ఇగో, ఇది మన గడప. ఇవి నా చేతి నీళ్ళు. మీ నాయినకు దొరకనియి."

అప్పుడు వాకిట్లోకి వినబడేట్టు గొంతెత్తింది: "నీళ్ళు తాగిండు! నా చేతి నీళ్ళు తాగి పానం ఇడిసిండమ్మో!"

వాడకట్టంతా ఒక్కసారి గొల్లుమన్నది. పర్శరాములు పటేలు కూడా వచ్చి, గడప దగ్గర నిలబడి, "అయ్యో, ఇప్పుడే తొవ్వల పిలిస్తి గదనే, పలుకకపాయె" అని కండ్లు తుడుచుకున్నాడు. ఆడవాళ్ళు శంకరవ్వను నడుమ కూర్చోబెట్టి భుజాలు పట్టి ఊపారు, ఏడువు బిడ్డా, ఏడిస్తే బరువు దిగుతది అన్నారు. ఆమె ఏడుద్దామనే కూర్చుంది. ఇంటి దాకా ఆపుకున్నదే గదా, ఇప్పుడు వదిలేద్దామనుకుంది. లోపల వెతికింది. అక్కడేమీ లేదు. దుఃఖం కూడా ఎక్కడో దారిలో కట్టె అయిపోయినట్టుంది.

ఏడుపుల నడుమ ఆమెకు ఒక చప్పుడు వినిపిస్తూనే ఉంది. లేచి బయటికి వచ్చింది. హనుమండ్లు ఎప్పుడు పోయి కూర్చున్నాడో, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని తన చోట్లోనే ఉన్నాడు. ఇంజను నడుస్తున్నది.

"హనుమండ్లూ, బందు చెయ్యి."

"చెయ్యాల్నా వదినే?" అన్నాడు, మనసు ఎక్కడో ఉన్నవాడిలాగా.

"ఇల్లు చేరినం గద."

బందు చేశాడు.

పొద్దు వాలకముందే రాయమల్లును గడపలో నుంచి, డప్పులతో, నలుగురి భుజాల మీద, దారి పొడుగునా పేలాలు చల్లుతూ తీసుకుపోయారు. ఏ లోపమూ జరగలేదు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదు గనక పక్కింటివాళ్ళు అన్నం, పప్పు తెచ్చి పెట్టారు. దీపం పక్కన అత్తాకోడళ్ళు ఇద్దరే కూర్చున్నారు.

"ఎప్పుడు?" అన్నది ఐలవ్వ.

"కోడి కూయక ముందు."

"తొవ్వ పొడుగూత ఒక్కదానివే పట్టుకొని కూసున్నవా?"

"హనుమండ్లుండె."

ఐలవ్వ దీపం వత్తి ఎగదోసింది. "నా మొగనికి నేను చెయ్యలేంది నువ్వు చేసినవ్" అనలేదు. అట్లాంటి మాటలు ఆ ఇంట్లో ఎవరికీ రావు. "నీకు కండ్లల్ల నీళ్ళు రాలేదని గా ముండలు వాకిట్ల గుసగుసలు వెడుతున్నరు" అన్నది.

"వస్తలేవత్తా. నేనేం చెయ్యాలె?"

"రాకుంటే మానె. నీళ్ళదేమున్నది, బాయిల గూడ ఉంటయ్." ఐలవ్వ కంచం ఆమె ముందరికి తోసింది. "తిను. రేపు మూడోనాటి పనులు చూసుకోవాలె."

శంకరవ్వ చేతులు కడుక్కుని వచ్చి అన్నం కలిపింది. పప్పులో ఉప్పు వేయడం పక్కింటామె మరిచినట్టుంది. వేసిందో లేదో కూడా ఆమెకు సరిగ్గా తెలియలేదు. రెండు ముద్దలు తిని, ఇంకో ముద్ద పెట్టుకుంది.